నడిమి కుళ్ళాయప్ప ఒకే ఒక్క గోలు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుళ్ళాయప్పకు సంబంధం కుదిర్చిన మధ్యవర్తి, చెప్పవలసినవన్నీ చెప్పి, చివర్లో చెప్పనవసరం లేనిది కూడా ఒకటి చెప్పాడు. "పిల్లోడు ఫుట్‌బాల్‌లో పెద్ద ఆటగాడమ్మా. హిందూపురమోళ్ళు, పెనుకొండోళ్ళు ఇంటికొచ్చి పిల్చుకపోతారు."

పెండ్లికూతురు యశోద ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. ఆమె తల్లి వెంకటక్క మాత్రం జాగ్రత్తగా చెవిన వేసుకుంది. పెండ్లయిన కొత్తలో అల్లుడు హిందూపురంలో ఒక మ్యాచ్ ఆడి, ఒళ్ళంతా దుమ్ముతో ఇంటికి రాగానే గడప దగ్గరే నిలబెట్టి అడిగింది.

"ఏమప్పా, గోలు వేసినావా?"

"మా టీము గెలిచిందత్తా."

"అది సరే. నువ్వు వేసినావా అని అడుగుతాండా."

"నేను మిడ్‌ఫీల్డు గదా అత్తా. నడిమిలో ఆడతా. బంతి తెచ్చి ముందరుండే వాళ్ళకిస్తా. వాళ్ళు వేస్తారు."

వెంకటక్క కాసేపు ఆలోచించింది. "అంటే నువ్వు వడ్డించేటోడివి. తినేటోడివి కాదు," అని లోపలికి పోయింది.

మిడ్‌ఫీల్డ్ ఆట గురించి అంతకన్నా పొట్టిగా, అంతకన్నా సరిగ్గా ఏ కోచ్ కూడా చెప్పలేదు. అందుకే ఆ మాట కుళ్ళాయప్పకు కాలి ముల్లులా దిగింది. కుంటుతూ నడవవచ్చు, పరుగెత్తవచ్చు, కానీ అక్కడ అది ఉందని మరిచిపోవడానికి లేదు. ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కూ అదే గడప, అదే ప్రశ్న. కొన్నేళ్ళకు ప్రశ్న కూడా అరిగిపోయి కుదురుకుంది. "ఈ తూరి గూడా వడ్డించే వస్తివా?"

కుళ్ళాయప్పది గొప్ప పరుగు కాదు, గొప్ప ఎత్తూ కాదు. గూగూడు కుళ్ళాయి స్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. చిన్నప్పటి నుంచి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. పైన చేతులు ఒక పని చేస్తుంటే కింద కాళ్ళు చెక్కలు తొక్కుతూ వేరే పని చేయాలి. అందువల్ల అతని కాళ్ళకు తల అవసరం పెద్దగా ఉండేది కాదు. ఎవరైనా ఆట గురించి అడిగితే అతను మగ్గం మీది నాడెను చూపించేవాడు. దారపు కండెను కడుపులో పెట్టుకుని, పడుగు సందున ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఆ అంచు నుంచి ఈ అంచుకు ఉరికే కొయ్య ముక్క అది. "నేను ఇదప్పా," అనేవాడు. "చీర కట్టినోళ్ళు అంచు బాగుండాదంటారు, కొంగు బాగుండాదంటారు. నాడె బాగుండాదని ఎవరన్నా అన్నారా యాడన్నా?"

అతన్ని ధర్మవరం దాటించినవాడు గౌస్‌సాబ్. హిందూపురంలో సైకిల్ షాపు ఆయనది. మార్కెట్ టీముకు మేనేజరు, కోచ్, బంతికి పంచరు వేసేవాడు అన్నీ ఆయనే. ధర్మవరంలో ఒక మ్యాచ్ చూడటానికి వచ్చి, ఆట అయ్యాక కుళ్ళాయప్ప దగ్గరకు వచ్చాడు.

"ఏమబ్బా, పేరేంది?"

"కుళ్ళాయప్ప."

"మంచిదే. ఆ సామికి మీవాళ్ళూ మొక్కుతారు, మావాళ్ళూ మొక్కుతారు. నువ్వు ఏ టీములోనైనా ఇముడుతావు. ఆదివారం ప్యాసింజరుకు వచ్చేయ్."

ఆ ఆదివారమే కుళ్ళాయప్ప జీవితం ఒక మాట దగ్గర కాలు జారింది.

మార్కెట్ టీములో సగం మంది మడకశిర వైపు వాళ్ళు. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు, కోపం వస్తే రెండూ. వాళ్ళందరికీ ముందుండి గోల్స్ వేసేవాడు యువరాజ్. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ దువ్వెన జేబులో పెట్టుకుని ఆడేవాడు. ఆట మొదలైన కాసేపటికి బంతి కుళ్ళాయప్ప కాలికి వచ్చింది. అదిగో దూరంగా యువరాజ్ ఒంటరిగా నిలబడి చేతులు ఊపుతూ అరిచాడు. "కొడో, కొడో."

ధర్మవరం చెవికి ఆ మాటకు ఒకటే అర్థం. కొట్టమంటున్నాడు. అంత పెద్ద ఆటగాడు అంత నమ్మకంగా కొట్టమంటే కొట్టకపోవడం మర్యాద కాదనుకున్నాడు కుళ్ళాయప్ప. నడి మైదానం నుంచి, ఒంట్లో ఉన్న బలమంతా కాలిలోకి తెచ్చుకుని కొట్టాడు. బంతి గోలు మీదుగా, గోడ మీదుగా పోయి, అవతల మార్కెట్ యార్డులో ఎండబోసిన మిరపకాయల కుప్పలో పడింది.

కూలీలు మర్యాదస్తులు. బంతిని వెతికి తిరిగి విసిరారు. కీపర్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఆ చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు. తర్వాత తలతో ఆడినవాళ్ళు కొందరు, చొక్కాకు తుడిచి చూసినవాళ్ళు కొందరు. రిఫరీ బంతిని చంకలో పెట్టుకున్నాడు. మిగిలిన ఆటంతా రెండు టీములూ తుమ్ముతూ, కన్నీళ్ళు కారుస్తూ ఆడాయి. ఎవరో పెద్దమనిషి పోయాడేమోనని దారిన పోయేవాళ్ళు ఆగి కనుక్కున్నారు.

ఆట అయ్యాక గౌస్‌సాబ్ ఎర్రటి కళ్ళతో అడిగాడు. "నిన్నెవరు కొట్టమన్నారబ్బా?"

కుళ్ళాయప్ప యువరాజ్‌ను చూపించాడు. "ఆయప్పే. కొడో కొడో అని అరిచె గదా."

మడకశిర వాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. గౌస్‌సాబ్ తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుని, చిన్న పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "నాయనా, వాళ్ళ కన్నడంలో కొడు అంటే ఇయ్యి అని. బంతి నాకియ్యప్పా అంటాండాడు వాడు. కొట్టమనలేదు."

కుళ్ళాయప్ప సిగ్గుతో ముడుచుకుపోయాడు. రైలులో ధర్మవరం వచ్చేదాకా అదే ఆలోచన. కొడు అంటే ఇవ్వాలి. కొట్టు అంటే కొట్టాలి. పరుగులో, గాలిలో, అరుపుల్లో ఈ రెంటికీ తేడా ఎవరికి వినపడుతుంది? ధర్మవరం స్టేషన్లో దిగే వేళకు అతను ఒక తీర్మానానికి వచ్చాడు. ఎవరు ఏమి అరిచినా ఇచ్చేయాలి. ఇస్తే ఎవరి కళ్ళూ మండవు.

అంతే. ఆ రోజు నుంచి కుళ్ళాయప్ప గోలు వైపు బంతిని కొట్టలేదు. ఎదురుగా గోలు గొడ్లచావడిలా తెరిచి ఉన్నా పక్కకు చూసేవాడు, ఎవరైనా తెలిసినవాళ్ళు కనిపిస్తారేమోనని. దానివల్ల నష్టం జరగలేదు, నిజానికి లాభమే జరిగింది. ఇవ్వడంలో అతని చేయి, అంటే కాలు, తిరిగిపోయింది. యువరాజ్ ఎక్కడికి పరుగెత్తబోతున్నాడో యువరాజ్‌కన్నా ముందే అతనికి తెలిసేది. కుడికాలికి, కొంచెం ముందుకు, వేగం మరీ ఎక్కువ కాకుండా, నేల మీదే. యువరాజ్‌కు అలా ఇష్టం. పెండ్లికొడుక్కు తమలపాకులు అందించినట్టు అందించేవాడు.

గోలు పడిన ప్రతిసారీ యువరాజ్ వెనక్కి ఉరికి వచ్చి ఊరంతా వినపడేలా అడిగేవాడు. "యారు కొట్టిద్దు?" ఎవరు ఇచ్చారు అని. దానికి జవాబు కూడా అతనే నేర్పాడు. కుళ్ళాయప్ప ఛాతీ విరుచుకుని, "నానే కొట్టె," అనేవాడు. నేనే ఇచ్చాను అని. అతనికి వచ్చిన కన్నడం అంత మాత్రమే. కానీ ఆ కొంచెం చాలా బాగా వచ్చు.

ఒకసారి గెలిచిన సంబరంలో యశోదకు ఫోన్ చేస్తుండగా పక్క నుంచి యువరాజ్ ఆ ప్రశ్న అరిచాడు. ఇతను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, "నానే కొట్టె," అని అరిచాడు. యశోద ఫోన్ పెట్టేసి తల్లి దగ్గరకు పరుగెత్తింది.

"అమ్మా, ఆయప్ప ఆడ ఎవర్నో కొట్టినాడంట. నగుతా చెప్తాండాడు."

వెంకటక్క పుట్టిల్లు మడకశిర దగ్గర పల్లె. ధర్మవరానికి కోడలై వచ్చాక ఆ బాస మాట్లాడే వాళ్ళు లేక నోట్లోనే దాచుకుంది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే అంది. "మీ ఆయప్ప ఎవర్నీ కొట్టేటోడు కాదు గానీ, అది కన్నడమే. కొట్టె అంటే ఇచ్చినా అని. అంటే ఈ తూరి గూడా వడ్డించినాడు."

హిందూపురంలో అతన్ని ధర్మవరమోడు అనేవారు. ధర్మవరంలో ఆడితే హిందూపురం మనిషి అనేవారు. పెనుకొండ టీములో నడిమి ఆటగాడికి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి, ఆదివారాలన్నీ షిఫ్టు పడటంతో వాళ్ళు కుళ్ళాయప్పను పిలిచారు. బూట్లు మెడలో వేసుకుని రైలు దిగి వచ్చేవాడు కాబట్టి వాళ్ళు ప్యాసింజరు అని పేరు పెట్టారు. పెనుకొండ ఆ రెండు ఊళ్ళకూ నడుమ ఉండే ఊరు. అక్కడ కూడా నడిమిలోనే నిలబెట్టారు. చివరికి మూడు ఊళ్ళకూ కలిపి ఒక పేరు స్థిరపడింది, నడిమి కుళ్ళాయప్ప అని.

బత్తలపల్లి వాళ్ళు ఒక్కరోజుకు పిలిచి, రెండోసారి పిలవలేదు. దానికి కారణం ఉంది. ఎదుటి పక్షం రామగిరి వాళ్ళకు ఒక ఆటగాడు తక్కువయ్యాడు. ఆట ఆగిపోతుందని, సగం ఆట తర్వాత బత్తలపల్లి పెద్దలు గొప్ప మనసుతో కుళ్ళాయప్పను వాళ్ళకు ఇచ్చారు. అతను కూడా అంతే గొప్ప మనసుతో రామగిరి వాళ్ళకు బంతి ఇచ్చాడు. గోలు పడింది. బత్తలపల్లి ఓడింది. భోజనాల దగ్గర అతని ఆకులోకి కూర రాలేదు.

ఇలా ఏళ్ళు నడిచాయి. యువరాజ్ పెండ్లి చేసుకుని మడకశిరలో విత్తనాల అంగడి పెట్టాడు. మార్కెట్ టీములో కొత్తవాళ్ళు వచ్చారు. కుళ్ళాయప్ప కుడి మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు పాత తలుపులా కిర్రుమనడం మొదలుపెట్టింది. ఒకరోజు మగ్గం గుంతలోంచి లేవలేక, యశోద చేయి పట్టి లాగితే బయటికి వచ్చాడు.

"ఈ కాలు నీ ఆటకు గాదు, మన మగ్గానికి," అంది యశోద. "ఈ ఏడు టోర్నమెంటుతో సరి. మల్లా బూట్లు మెడకేసుకుంటే ఆ బూట్లు నేను వంటపొయ్యిలో పెడతా."

ఆమె కోప్పడితే వాదించేవాడు. కానీ మెల్లగా చెప్పింది. అతను సరేనన్నాడు. ఒట్టు కూడా వేశాడు.

ఒట్టు వేసిన తర్వాతే అతనికి భయం పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఒక్క గోలు లేదు. ఇక ముందు ఉండదు. చచ్చేదాకా ఆ గడప, ఆ వడ్డించేటోడు అన్న మాట అలాగే ఉంటాయి. ఒకటి చాలు అనుకున్నాడు. అందమైనది కానక్కరలేదు. కీపర్ కాళ్ళ సందున దూరినా సరే, ఎవరి వీపుకో తగిలి పోయినా సరే.

దానికి తోడు ఆ కండువా ఒకటి. ధర్మవరం టోర్నమెంటులో ఒక ఆచారం ఉంది. ఫైనల్లో గెలుపు గోలు వేసినవాడికి అక్కడికక్కడే, మైదానంలోనే, జరీ అంచు పట్టు కండువా కప్పుతారు. కప్పు కన్నా జనం దానికే ఎక్కువ చప్పట్లు కొడతారు. ఆ కండువా ప్రతి ఏడూ నేసేది కుళ్ళాయప్పే. టోర్నమెంటు కమిటీ వాళ్ళు మైకు సాదిక్‌తో కబురు పెడతారు. సాదిక్‌కు మైకుల అద్దె వ్యాపారం, టోర్నమెంటుకు అనౌన్సరు కూడా అతనే. ఈ ఏడు కూడా వచ్చి చెప్పాడు. కుళ్ళాయప్ప నేస్తుంటే వెంకటక్క పక్కన కూర్చుని అంచు తడిమి చూసింది.

"మంచిగుండాది," అంది. "ఎవరు కప్పుకుంటారో ఏమో. నేసేది నువ్వు."

అతను నాడెను కొంచెం గట్టిగా విసిరాడు. దారం తెగింది.

ఆ ఏడు ధర్మవరం టీము అతన్ని తీసుకోలేదు. పిల్లకాయలు ఉన్నారన్నారు. పెనుకొండ వాళ్ళు తీసుకున్నారు. అదృష్టం ఏమంటే పెనుకొండ ఫైనల్‌కు వచ్చింది. ఎదుటి పక్షం హిందూపురం మార్కెట్ టీము. గడ్డం నెరిసిన గౌస్‌సాబ్ వాళ్ళ బెంచీ మీద కూర్చున్నాడు. వెనక ఆడేవాడొకడు జ్వరంతో రాలేదని మడకశిర నుంచి యువరాజ్‌ను బతిమాలి తెచ్చాడు. యువరాజ్‌కు ఇప్పుడు బొజ్జ వచ్చింది. ముందు ఆడే కాళ్ళు పోయి వెనక నిలబడే కాళ్ళు వచ్చాయి. జేబులో దువ్వెన మాత్రం అలాగే ఉంది, దువ్వుకోవడానికి జుట్టు లేకపోయినా.

"ఏమప్పా నడిమోడా, ఇంగా ఆడతాండావా?" అన్నాడు.

"నువ్వు బొజ్జేసుకోని ఉరుకుతాంటే నాకేం రోగం?"

"నీ మోకాలి సప్పుడు నాకు ఈడికి వినిపిస్తాండాది."

"వినిపించనీ. నేనెప్పుడొస్తాండానో నీకు తెలుస్తాది."

షామియానా కింద ఆడవాళ్ళ వైపు యశోద, ఆమె పక్కన వెంకటక్క కూర్చున్నారు. వెంకటక్క ఒక మ్యాచ్‌కు రావడం అదే మొదలు. అల్లుడి ఆఖరి ఆట అని తెలిసి వచ్చింది. వడ్డించడం ఎట్లా ఉంటుందో చూసి పోదామని వచ్చానని కూతురితో చెప్పింది.

రిఫరీ రఘునాథ్ సార్. నెల్లూరు వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడు. అందరినీ గారు అని పిలుస్తాడు, ఎర్ర కార్డు చూపించేటప్పుడు కూడా. వానలు లేని ఏడు. మైదానంలో గడ్డి అన్నది గొర్రెలకు కూడా దొరకలేదు. పదిమంది ఒకచోట చేరితే దుమ్ము లేచి వాళ్ళను మింగేసేది.

ఆట చివరిదాకా ఎవరికీ గోలు పడలేదు. కుళ్ళాయప్ప బంతులు ఇస్తూనే ఉన్నాడు, పెనుకొండ కుర్రాళ్ళు ఆకాశానికి కొడుతూనే ఉన్నారు. రిఫరీ ఇక ఆఖరి విజిల్ ఊదబోతాడనగా హిందూపురం గోలు ముందు పెద్ద గుంపు కూడింది. కీపర్ జారి పడ్డాడు. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి బంతి, ఇంటి దారి తెలిసిన మేకపిల్లలా దొర్లుకుంటూ వచ్చి కుళ్ళాయప్ప కాళ్ళ దగ్గర ఆగింది.

ఎదురుగా గోలు. లోపల ఎవరూ లేరు. వెనక పెనుకొండ వాళ్ళంతా ఒక్క గొంతుతో అరిచారు. "కొట్టన్నా, కొట్టు."

కుళ్ళాయప్ప మిరపకాయలనూ మరిచాడు, తీర్మానాన్నీ మరిచాడు. కుడికాలు వెనక్కి ఎత్తాడు. ఇన్నేళ్ళలో ఆ కాలు అంత వెనక్కి పోవడం అదే మొదలు. మోకాలు కిర్రుమంది.

అప్పుడు దుమ్ములో, గోలు స్తంభం పక్క నుంచి, పాత గొంతు ఒకటి వినిపించింది. "కొడో."

యువరాజ్ తెలివైనవాడు. ఆ మాట అంటే ఏమవుతుందో చూద్దామనుకున్నాడు. అనుకున్నదే అయింది. కుళ్ళాయప్ప బుర్ర ఇది ఎదుటి పక్షం గొంతు అని చెప్పబోయింది. కానీ ముందే చెప్పినట్టు, అతని కాళ్ళకు తల అవసరం పెద్దగా లేదు. ఎత్తిన కాలు గాలిలోనే మెత్తబడింది, పక్కకు తిరిగింది, బంతిని ఇచ్చేసింది. ఇద్దరి కాళ్ళ సందున, నేల మీదే, వేగం మరీ ఎక్కువ కాకుండా, కొంచెం ముందుకు, యువరాజ్ కుడికాలికి. అంత మంచి పాస్ అతను అంతకు ముందు ఇవ్వలేదు.

యువరాజ్ తన గోలును కాపాడటానికి వెనక్కి ఉరికి వచ్చినవాడు కాబట్టి అతని ముఖం గోలు వైపే ఉంది. బంతిని బయటికి తన్నాలని అతని ఉద్దేశం. కానీ ఆ బంతి వచ్చిన తీరు అలాంటిది. అలా వచ్చిన బంతిని ఏమి చేయాలో అతని కాలికి ఒక్కటే తెలుసు. కొట్టాడు. వల కదిలింది. రెండు చేతులూ పైకెత్తి వెనక్కి తిరిగాడు కూడా. హిందూపురం కీపర్ నేల మీద నుంచి నోరు తెరుచుకుని తననే చూస్తున్నాడని గమనించాక, ఆ చేతులు మెల్లగా దిగి తల మీద ఆగాయి.

రిఫరీ విజిల్ ఊదాడు, గోలుకు ఒకటి, ఆట ముగిసిందని ఇంకొకటి. పెనుకొండ వాళ్ళు ఎగిరారు. మైకులో సాదిక్ గొంతు వినిపించింది. "పెనుకొండ గెలిచింది, పెనుకొండ గెలిచింది. గోలు వేసింది ఎవరంటే..." అని ఆగిపోయాడు. దుమ్ములో ఎవరు వేశారో అతనికి కనపడలేదు.

ఎవరికీ కనపడలేదు. ఫోన్లలో తీసినవాళ్ళు పెట్టి చూశారు. దుమ్ము చాలా చక్కగా వచ్చింది. గీత దగ్గర జెండా పట్టుకున్నవాడు ఆ సమయానికి బూటు లేసు కట్టుకుంటున్నాడు. హిందూపురం కీపర్‌ను అడిగితే, యువరాజ్ వైపు ఒకసారి చూసి, తన కళ్ళలో దుమ్ము పడిందన్నాడు.

అంతలో సాదిక్ స్టీలు పళ్ళెంలో కండువా పెట్టుకుని, ఇంకో చేత్తో మైకు పట్టుకుని మైదానంలోకి వచ్చాడు. కమిటీ పెద్దలు వెనక నడిచారు. రఘునాథ్ సార్ వాళ్ళను ఆపాడు.

"ఉండండి. యువరాజ్ గారి కాలికి తగిలి పోయినట్టు నాకు అనిపించింది. అలాగైతే గోలు ఆయన పేరు మీద పడుతుంది. ఆచారం ప్రకారం కండువా ఆయనకే కప్పాలి."

యువరాజ్ రెండు అడుగులు వెనక్కి వేశాడు. "నాకొద్దు సార్. మా టీముకు మేమే గోలు వేసుకోని, దానికి కండువా కప్పుకోని, మడకశిరలో బస్సు దిగేదెట్ల? నా అంగట్లో విత్తనాలు కొంటారా ఎవరైనా?"

"నిబంధన నిబంధనే," అన్నాడు సార్. తర్వాత కుళ్ళాయప్ప వైపు తిరిగాడు. "కుళ్ళాయప్ప గారూ, ఆఖరున బంతి మీ దగ్గర ఉండటం నేను చూశాను. నిజం చెప్పండి. మీరు గోలుకు కొట్టారా, ఎవరికైనా ఇచ్చారా? గోలుకే కొట్టి ఉంటే, దారిలో ఎవరి కాలికి తగిలినా అది మీ గోలే."

సాదిక్ మైకు తెచ్చి అతని మూతి దగ్గర పెట్టాడు.

కుళ్ళాయప్ప పళ్ళెంలోని కండువాను చూశాడు. అంచులో దారం తెగి ముడి వేసిన చోటు కూడా అతనికి తెలుసు. షామియానా వైపు చూశాడు. వెంకటక్క లేచి నిలబడింది. కొట్టినా అంటే చాలు. ఒక్క మాట. కానీ కొట్టినా అంటే ఆ పాస్ పోతుంది. తెరిచిన గోలు ముందు బంతిని పక్కకు కొట్టిన గుడ్డివాడి దెబ్బ అవుతుంది. పైగా అబద్ధం. ఇచ్చినా అంటే నిజమే. కానీ గోలు పోతుంది, కండువా పోతుంది, యువరాజ్ అంగడి పోతుంది. ఆ రెండు మాటలూ నాలుక చివర ఇరుకు గుమ్మంలో ఎదురెదురు పడిన మనుషుల్లా నిలబడిపోయాయి.

అప్పుడు వెనక నుంచి యువరాజ్ గొంతు సవరించుకుని, పాత రోజుల్లో లాగా, ఊరంతా వినపడేలా అడిగాడు.

"యారు కొట్టిద్దు?"

కుళ్ళాయప్ప ఛాతీ దానంతట అదే విరుచుకుంది.

"నానే కొట్టె," అన్నాడు మైకులో.

రఘునాథ్ సార్ తల ఊపాడు. ఈ సీమ యాస ఆయనకు ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. నేను అనడానికి నాను అంటారు కాబోలు అనుకున్నాడు. "చాలు. గోలు కుళ్ళాయప్ప గారిదే," అని ప్రకటించాడు.

ధర్మవరం వాళ్ళు, పెనుకొండ వాళ్ళు చప్పట్లు కొట్టారు. హిందూపురం నుంచి, మడకశిర నుంచి వచ్చినవాళ్ళు మాత్రం ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. ఓడినా ఇంత సంతోషంగా ఉన్నారే, ఎంత మంచి క్రీడాస్ఫూర్తి అని సార్ మెచ్చుకున్నాడు. గౌస్‌సాబ్ తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి మిరపకాయలు లేవు.

సాదిక్ కండువా కప్పుతుంటే గౌస్‌సాబ్ దగ్గరకు వచ్చి కుళ్ళాయప్ప చెవిలో అన్నాడు. "నేను చెప్పిందే గదబ్బా. నువ్వు ఏ టీములోనైనా ఇముడుతావని."

యువరాజ్ బస్సు ఎక్కే ముందు దువ్వెన తీసి, కుళ్ళాయప్ప నెత్తి మీద మిగిలిన జుట్టును శుభ్రంగా దువ్వి పోయాడు.

ఇంటికి వచ్చే దారిలో యశోద కండువా కుచ్చులు సర్దుతూ నడిచింది. ఎదురైన వాళ్ళందరికీ, అడగకపోయినా, మా ఆయప్పే వేసినాడని చెప్పింది. వెంకటక్క అందరికన్నా ముందు నడిచి గడప ఎక్కింది. గడప దగ్గర కుళ్ళాయప్ప అలవాటుగా ఆగాడు. ప్రశ్న రాలేదు. ఆమె లోపలికి పోయి ఆకు వేసింది. అతను మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. కండువా భుజం మీదే ఉంది, తీయడానికి మనసొప్పలేదు.

సంగటి ముద్ద పెట్టి, నడుమ గుంట చేసి, కోడిపులుసు పోసింది వెంకటక్క. మామూలుగా ఈ పని యశోదది. అతను తింటుంటే ఎదురుగా గరిటె పట్టుకుని కూర్చుంది. మూతి చివర ఏదో కదిలింది.

"ఇంగొంచెం కొడ్లా, అల్లుడా?" అంది.

నీళ్ళ చెంబు తెస్తున్న యశోద గుమ్మంలోనే ఆగింది. "అదేందమ్మా, గోలేసి వచ్చినోడిని కొడతానంటాండావు?"

యశోద తల్లి ముఖం చూసింది, మొగుడి ముఖం చూసింది. మెడ దాకా ఎర్రబడి ఉన్నాడు. ఎప్పుడో ఫోన్లో విన్న మాట ఒకటి ఆమెకు మెల్లమెల్లగా గుర్తుకు రాసాగింది. చెంబు కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కుళ్ళాయప్ప కండువా అంచును భుజం మీద ఒకసారి సర్దుకున్నాడు. ఆకును అత్త వైపు కొంచెం ముందుకు జరిపాడు.

"కొడు, అత్తా," అన్నాడు.